క్రిస్మసునాఁడు చీనాపేటలో భోజనము

దూరదేశములు చూచివచ్చినవారు అచ్చటి మేడలను, వంతెనలను, దీపాలంకారములను వర్ణించుట వాడుక. వానినిగూర్చి వ్రాయు నేర్పు నాకు లేదు. నేను చెప్పఁబోవునది మిక్కిలి చిన్న సంగతి. ఒక పండుగనాఁడు మేము అయిదుగురము తెఱచియున్న భోజనశాలను వెదకికొనుచు న్యూయార్కు నగరమునఁ దిరిగితిమి. ఆ తిరుగుటలో నేను తెలిసికొన్నది కొంత కలదు. అది యింటఁ గూరుచున్న మనవంటివారికిఁ గూడ పనికివచ్చునని తోఁచి యిది వ్రాయుచున్నాను.

మా తమ్ముఁడు న్యూజెర్సీ రాష్ట్రములోని జెర్సీ సిటీలో ఉద్యోగము చేయుచున్నాఁడు. 2024వ సంవత్సరము అక్టోబరు నెలలో మా మఱదలు మగశిశువును గనెను. మా తల్లిగారు గతించిరి. మఱదలి తల్లిగారు మోకాళ్ల నొప్పులచేఁ గదలలేని మనిషి. కావున పురుటిపనులకు నేనే పోవలసివచ్చెను. మావారు బడిపంతులగుటచే పరీక్షల కాలమున వారికి సెలవు దొరకదు. “పిల్లలను నేను కనిపెట్టుకొందును, నీవు పోయి రమ్ము” అని వారే నన్ను విమానమెక్కించిరి.

మా తమ్ముని వాటాకు ఎదుటి వాటాలో ఎనుబదియేండ్లు దాఁటిన యొక యూదు ముదుసలి యొంటిగా నున్నది. మావాండ్లామెను అవ్వగారని పిలుతురు. మఱదలికి నొప్పులు వచ్చిన రాత్రి తమ్ముఁడు పొరుగూరున నుండఁగా, ఆస్పత్రి బండిని బిలిపించి, తెల్లవాఱుదాఁక ఆమె చేయి పట్టుకొని కూరుచున్నది ఈ యవ్వగారే. ఇంతటి యుపకారము చేసిన మనిషి నేను వచ్చిన మూఁడవ నాఁడు రొట్టెయు, పండ్లపాకమును పట్టుకొని వచ్చి, తన యింటికి తేనీటికి రమ్మని పిలిచెను. నేను పోలేదు. అపుడు కార్తికమాసము. తరువాత మరల పిలిచెను. అపుడు ధనుర్మాసమని సాకు చెప్పితిని. ఉల్లియు వెల్లుల్లియు ముట్టని నెలలని నా మనస్సును నేనే సమాధానపఱచుకొంటిని గాని, అసలు సంగతి అది కాదు. పరుల యింటి పాత్రలో నీళ్లు పుచ్చుకొనుట నా కలవాటు లేదు.

ఒకనాఁడు మఱదలు బిడ్డకు పాలిచ్చుచు మెల్లగా ననెను: “వదినగారూ! మీరు కోపగింపకున్న నొకమాట. అవ్వగారు నిన్న నన్నడిగిరి. మీ వదిన నా యింటి నీళ్లైనను ముట్టదు, నా వలన నేమి తప్పు జరిగినదని.”

ఆ మాట నాకు ముల్లువలె నాటుకొన్నది. చిన్ననాఁటినుండి మా నాయనగారియొద్ద భారతము చదువుకొన్నదానను. రాయబారమునకు వచ్చిన శ్రీకృష్ణుఁడు దుర్యోధనుని విందు కాదని విదురుని యింట భుజించిన ఘట్టము ఎన్నిమాఱులు చదివితినో లెక్కలేదు. ప్రీతి యున్నచోటనైనను తినవలెను, ఆపదలోనైనను తినవలెనని యాయన యాడిన మాటకు అర్థము చెప్పఁగలను. ఆచరణమున మాత్రము ప్రీతితో వచ్చిన రొట్టెను మూఁడుసారులు త్రిప్పిపంపితిని.

డిసెంబరు నెలలో అవ్వగారు తమ్మునియొద్దకు వచ్చి యొక కోరిక కోరెను. ఆమె భర్త ఆ వసంతమున మరణించెనఁట. వారిరువురు నలుబదియేండ్లకుఁ బైగా ప్రతి క్రిస్మసునాఁడును న్యూయార్కులోని చీనాపేటకుఁ బోయి భోజనము చేయువారఁట. “ఈ యేఁడు ఒక్కతెనే పోఁజాలను. పోక మానినచో ఆయనను మఱచినట్లగును. మీరందఱును నాతో రండు” అని యామె వేఁడికొనెను. తమ్ముఁడు నా మొగము చూచెను. నేను సరే యంటిని. అనుట యైతే అంటిని గాని, లోలోపల వెండిడబ్బాలో పెరుగన్నము పెట్టుకొని పోవుదమని నిశ్చయించుకొంటిని.

యూదులకును చీనావారి హోటలునకును క్రిస్మసునకును ఏమి సంబంధమని మీరడుగవచ్చును. నేనును అడిగితిని. క్రిస్మసు అమెరికాలో 1870 నుండియు ప్రభుత్వపు సెలవుదినము. ఆనాఁడు కచేరీలు, అంగళ్లు, హోటళ్లు చాలవఱకు మూయఁబడును. క్రైస్తవ కుటుంబములు ఇంట విందు చేసికొనును. ఆ పండుగ తమది కానివారికి ఊరంతయు తలుపులు మూసికొన్నట్లుండును. 1880 ప్రాంతమునుండి తూర్పు ఐరోపానుండి లక్షలకొలఁది యూదులు వచ్చి న్యూయార్కు దక్షిణభాగమున ఇఱుకైన యిండ్లలోఁ గాపురముండిరి. దాని ప్రక్కనే చీనావారి వీధులు. చీనావారికిని క్రిస్మసు సొంత పండుగ కాదు. వారి కొత్త సంవత్సరము జనవరి ఫిబ్రవరి నెలలలో వచ్చును. కావున వారి పొయ్యి ఆనాఁడును మండుచుండెడిది. అదిగాక, పాలను మాంసమును కలుపఁగూడదని యూదుల నియమము. చీనావంటలో పాలు, వెన్న వాడుట లేదు. ఈ విధముగా పండుగలేని యిరువురు పొరుగువారు ఒకరి బల్లయొద్ద నొకరు కూరుచుండిరి. కాలక్రమమున అది ఆచారమే యయ్యెను. 2010లో ఎలీనా కేగన్ గారిని సుప్రీముకోర్టు న్యాయమూర్తి పదవికై సెనేటు సభ్యులు ప్రశ్నించుచు, ముందటి క్రిస్మసునాఁడు ఎచ్చట నుంటిరని యడుగఁగా, యూదులందఱివలెనే తానును చీనా హోటలులో నుండియుందునని యామె బదులు చెప్పి సభనంతటిని నవ్వించెను.

ఆ చీనావారి కథయు వినఁదగినది. 1869లో పూర్తియైన ఖండాంతర రైలుమార్గమునకు పడమటి కొండలను తొలిచినవారు వేలకొలఁది చీనా కూలీలు. పని తీఱిన పిదప వారిని వలదనిరి. 1882లో చీనా కూలీలు రాకుండ శాసనము చేసిరి. అప్పటికే వచ్చియున్నవారికి తక్కిన వృత్తులు మూసికొనిపోఁగా, బట్టలుతుకు అంగళ్లును భోజనశాలలును మిగిలినవి. 1915లో నొక న్యాయస్థానపు నిర్ణయముచే భోజనశాల యజమానులకు వర్తకుల హోదా దొరకెను. దానితో స్వదేశమునకుఁ బోయివచ్చుటకును, బంధువులను తోడితెచ్చుకొనుటకును వీలు కలిగెను. చీనా హోటళ్లు విస్తరించుటకు రుచి యెంత కారణమో, ఇదియు నంత కారణము. ఆ శాసనము 1943లో రద్దయ్యెను. 1965లో వచ్చిన క్రొత్త చట్టముతో ఆసియావారందఱికిని తలుపులు తెఱచికొన్నవి. నేఁడు మన తెలుఁగుబిడ్డలు పోవుచున్నదియు ఆ తలుపులోనుండియే.

బయలుదేఱిన అయిదుగురము ఎవరనఁగా: అవ్వగారు, తమ్ముఁడు, నేను, అదే మేడలో నుండు ఇరువురు తెలుఁగు విద్యార్థులు. ఒకఁడు గుంటూరువాఁడు, ఒకఁడు ఓరుగల్లువాఁడు. కళాశాల మూసివేయుటచే వారికి భోజనము లేదు. చంటిబిడ్డకు చలిగాలి తగులఁగూడదని మఱదలు ఇంటనే నిలిచి, “నా వంతు మూటగట్టి తెండు” అని చెప్పెను. ముందునాఁటి యుదయము మంచు కురిసియుండెను. అది వీధుల యంచులయందు ఉప్పుకుప్పలవలె నింకను మిగిలియుండెను.

మన హోటళ్లు లేవా యని మీరనుకొనవచ్చును. జెర్సీ సిటీలో నెవార్కు అవెన్యూ అను వీథిలో దోసెలు, ఇడ్డెనలు దొరకు అంగళ్లు వరుసగా నున్నవి. నా ప్రాణము అచ్చటికే లాగినది. కాని ఆనాఁటి భోజనము అవ్వగారిది. ఆమె మొక్కు తీర్చుటకుఁ బోవుచుంటిమి.

జర్నల్ స్క్వేర్ స్టేషనులో రైలెక్కితిమి. అది హడ్సను నది క్రిందుగాఁ బోవును. కృష్ణమీఁది వంతెనపై రైలులోఁ బోవుచు చిల్లర వేసి దండము పెట్టుకొన్నదానను. ఇచ్చట నది నా నెత్తిమీఁద నుండఁగా దండ మెటు పెట్టవలెనో తెలియలేదు. అవ్వగారు చేతికఱ్ఱతో నడుచునది గావున ఆవలి యొడ్డున అద్దెకారు పట్టుకొని చీనాపేట చేరితిమి. అప్పటికి మధ్యాహ్నము పండ్రెండు గంటలు. ఆ సంవత్సరము క్రిస్మసునాఁటి సాయంకాలముననే యూదుల హనుక్కా పండుగయు నారంభము. సూర్యుఁడు గ్రుంకినంతనే తొలి దీపము పెట్టవలెను గావున నాలుగు గంటలకెల్ల నిల్లు చేరవలెనని అవ్వగారు ముందే చెప్పియుండెను. అచ్చట డిసెంబరులో నాలుగున్నరకే ప్రొద్దుగ్రుంకును.

అవ్వగారును భర్తయు పోవుచుండిన హోటలు యజమాని ముసలివాఁడై వ్యాపారము చాలించెనఁట. ఆ చోట నిపుడు సెల్‌ఫోనులమ్ము నంగడి. అవ్వగారు దాని గాజుతలుపుముందు కొంచెముసేపు నిలిచి, ఏమియు ననక నడచెను. తమ్ముఁడు తన ఫోనులోని పటమును జూచి, తెఱచియున్నదని చూపుచున్న యొకచోటికి దారితీసెను. పోయి చూడఁగా తలుపునకు తాళము, గాజుపై నొక కాగితము. పండుగకు రెండునాళ్లు సెలవని వ్రాసియున్నది. రెండవచోట తలుపు తెఱచియే యున్నది గాని, వీథిలో అఱువదిమంది నిలువఁబడియున్నారు. చీటీమీఁద అంకె వేసియిచ్చి, గంటన్నర పట్టుననిరి. అంతసేపు అవ్వగారు చలిలో నిలువలేదు. మూఁడవచోట బల్ల దొరకెను. కూరుచుంటిమి. తమ్ముఁడు ఆకుకూర వంటకమును జూపి, ఇందులో మాంసమేమియు లేదు గదా యని యడిగెను. వడ్డించు నాయన నిజాయితీపరుఁడు. మాంసము లేదు గాని, పైని పోయునది ఆల్చిప్పలోని జంతువుతోఁ జేసిన రసమనియు, చారునకు పంది యెముకల నీరు వాడుదుమనియు చెప్పెను. నాకు పెరుగన్నపు డబ్బా గుఱుతునకు వచ్చి ధైర్యము కలిగెను. కాని అవ్వగారు లేచి నిలువఁబడెను. “మా యాయన పంది ముట్టలేదు. ఈమెయు తినలేదు. మేము మాత్రము తినుచుండఁగా ఈమె చూచుచుఁ గూరుచుండుట నాకు సరిపడదు” అనెను. డబ్బాలోని పెరుగన్నము అప్పుడు నాకు దొంగసొత్తువలెఁ దోఁచినది.

వడ్డించు నాయన కోపగింపక మాతో వీథిదాఁక వచ్చి, “రెండు వీథులవతల బౌద్ధుల శాకాహారశాల యున్నది; అచ్చటికిఁ బొండు” అని చేయిచూపెను. తన బేరము పోవుచున్నను దారి చూపిన యా పుణ్యాత్ముని నేనిప్పటికిని తలఁచుకొందును.

దారిలో డోయర్స్ అను చిన్నవీథి తగిలెను. కొడవలివలె వంగియున్న యా వీథిలో 1920లో వెలసిన ‘నామ్ వా’ అను తేనీటిశాల యున్నది. తన పెండ్లికి ముందు భర్త తన్నచ్చటికిఁ దీసికొనివచ్చెనని అవ్వగారు చెప్పి నవ్వెను. ఆ దినమున ఆమె నవ్వుట అదియే మొదలు.

శాకాహారశాలలో నడుగుపెట్టఁగానే గోడయొద్ద బుద్ధవిగ్రహము, దానిముందు నారింజపండ్లు కనఁబడెను. నా చేతులు వానియంతటవే మోడ్పఁబడెను. మన అమరావతిని, నాగార్జునకొండను ఎఱిఁగినవారికి ఆ మొగము క్రొత్తది కాదు. హ్యూన్‌త్సాంగు అను చీనాయాత్రికుఁడు ఏడవ శతాబ్దమున మన ధాన్యకటకమునకు వచ్చి నిలిచినవాఁడే. ఇంతలో అవ్వగారు డబ్బుపెట్టెయొద్ద గోడకు వ్రేలాడుచున్న యొక పత్రమును జూచి నిలిచిపోయెను. అది హీబ్రూ అక్షరములలో నున్నది. ఈ వంటశాల తమ మతనియమమునకు సరిపోవునని యూదు గురువులు పరీక్షించి యిచ్చిన పత్రమఁట. బుద్ధునికి నేను దండము పెట్టుచుంటిని. ఆ పత్రమును జూచి యామె కన్నులు తుడుచుకొనుచుండెను.

వడ్డించుటకు వచ్చిన చీనా యిల్లాలిని తమ్ముఁడు నా పక్షమునఁ బ్రశ్నలడిగెను. మాంసము, చేప, గ్రుడ్డు లేవు. ఉల్లి వెల్లుల్లి? అవియు లేవు. బౌద్ధసన్న్యాసులకు ఘాటైన వస్తువులయిదు నిషిద్ధములఁట. వారి పట్టికలలో ఉల్లి వెల్లుల్లులతోపాటు ఇంగువయుఁ గలదని విని నేనాశ్చర్యపడితిని. మనము ఉల్లి మానిననాఁడు ఇంగువ నాశ్రయింతుము. వారు దానినిగూడ విడిచిరి! నియమమున నేనే గట్టిదాననని యనుకొనుచున్న నాకు కొంచెము సిగ్గు కలిగెను.

మొదట తేనీరు వచ్చినది. పాలు, చక్కెర లేవు. ఒకరికి పోసినపుడు వారు రెండు వ్రేళ్లతో బల్లను మెల్లగాఁ దట్టవలెను, అది కృతజ్ఞత. ఒక చక్రవర్తి మాఱువేషమునఁ దిరుగుచు సేవకునికి తానే తేనీరు పోయఁగా, సాష్టాంగపడిన గుట్టు బయలగునని వాఁడు వ్రేళ్లను వంచి నమస్కరించెనని కథ. కెటిలు ఖాళీయైనచో మూఁత తెఱచియుంచిన చాలును, మరల నింపుదురు.

పిమ్మట వంటకములు. ముల్లంగి తుఱిమి బియ్యపుపిండితోఁ గలిపి ఆవిరిపై నుడికించి, ముక్కలుగా గోసి పెనముపై కాల్చినది; మన కుడుముల చెల్లెలనవచ్చును. పలుచని బియ్యపుపిండి రేకులు చుట్టి నల్లని సోయారసము పోసినవి. పుట్టగొడుగులు, సోయాపాల మీఁగడతట్టు, పచ్చని ఆకుకూర. గోధుమపిండిని నీటఁ గడిగి మిగిలిన జిగురుతో బాతుమాంసమువలెఁ జేసిన దొకటి తెచ్చిరి. అది గోధుమయే యని యెంత చెప్పినను ఆ యాకారము చూడఁగానే నా కడుపులోఁ ద్రిప్పినది. దానిని విద్యార్థులకు వదలివేసితిని. అల్లము వేసిన జావ వచ్చినది. దానిని ఇంగ్లీషున ‘కాంజీ’ యందురు. ఆ మాట మన దక్షిణదేశపు గంజి నుండి పోయినదే. గుంటూరు కుఱ్ఱఁడు ఒక గఱిటెడు త్రాగి తల వంచుకొనెను. “జ్వరము వచ్చినపుడు మా యమ్మ యిట్లే కాచునండి, అక్కయ్యగారూ” అని మాత్ర మనెను. ఓరుగల్లువాఁడు వాని వీపు నిమిరెను.

చివరకు తామరాకు పొట్లములు వచ్చినవి. లోపల జిగట బియ్యము, వేరుసెనగలు, పుట్టగొడుగులు. విప్పఁగానే ఉడికిన తామరాకు వాసన. మా యూరి చెఱువుగట్టున సంతర్పణలలో తామరాకులో వేఁడియన్నము పెట్టిననాఁటి వాసన! అవ్వగారు గఱిటతో నొకింత తీసి నా పళ్లెము దాఁక తెచ్చి, అచ్చట చేయి నిలిపెను. పెట్టవచ్చునా, వలదా యని యామె కన్నులడుగుచుండెను. సంచిలో డబ్బా యున్నది. దానిని తీయలేదు. పళ్లెము ముందుకు జరిపితిని. ఆమె పెట్టినది తింటిని.

తినుచు, తమ్ముని నడుమ నుంచుకొని, నా మనస్సులోనిది చెప్పివేసితిని. “అవ్వగారూ, మీ రొట్టెలో తప్పులేదు. నా పెంపకము అటువంటిది. మీకు కష్టము కలిగించితిని, మన్నింపుఁడు” అంటిని. ఆమె నవ్వి, “మా యమ్మ పాలకు వేఱు పాత్రలు, మాంసమునకు వేఱు పాత్రలు పెట్టెడిది. పొరుగువా రొకరు గరిటె మార్చినందుకు ఏడ్చి దానిని పాఱవేసినది. నేను ఆ యింటఁ బెరిగినదాననే, నాకుఁ దెలియదా? నాకు నొప్పి కలిగినది నీవు తిననందుకు గాదు, కారణము చెప్పక తలుపు వేసికొన్నందుకు” అనెను.

సోదరీమణులారా! నియమము విడువుమని నేను చెప్పను. నేనును విడువలేదు, ఆనాఁడు తిన్నదానిలో నియమమునకు విరుద్ధమైన దేదియు లేదు. కాని నియమమును చెప్పుట వేఱు, దానిచాటున దాఁగుట వేఱు.

మీ బిడ్డలయొద్దకుఁ బోయినపుడు పనికివచ్చునని కొన్ని మాటలు. పండుగనాఁడు ఫోనులోని పటమును నమ్మవలదు. ఆ యుదయముననే హోటలునకు ఫోనుచేసి తెలిసికొని, వీలున్నచో బల్లను నిలిపియుంచుమనవలెను. పండ్రెండుకు ముందే చేరినచో వరుస తక్కువ. “శాకాహారమేనా” యని యడిగినఁ జాలదు. చేపరసము, ఆల్చిప్పరసము, గ్రుడ్డు, ఎముకల నీరు ఒక్కొక్కటిగా నడుగవలెను. థాయివారి, వియత్నామువారి కూరలలో చేపరసము సామాన్యము. కొరియావారి కిమ్చీ యను ఊరగాయలోఁ గూడ తఱచుగా నుండును. కొన్ని చిన్నహోటళ్లలో నగదు మాత్రమే పుచ్చుకొందురు. న్యూయార్కులో బిల్లుపై నూటికి దాదాపు తొమ్మిదివంతుల పన్ను పడును. వడ్డించినవారికి నూటికి పదునెనిమిది మొదలు ఇరువదివఱకు ఇచ్చుట మర్యాద. మిగిలినది కట్టియిమ్మని యడుగుట అచ్చట చిన్నతనము కాదు. మఱదలి వంతు మేమట్లే తెచ్చితిమి.

బిల్లు వచ్చినపుడు తమ్ముఁడు చేయిచాఁపెను. అవ్వగారు ఇయ్యలేదు. “ప్రతిసంవత్సరము ఆయన యిచ్చెడివాఁడు. ఇది ఆయన వంతు” అని తానే చెల్లించెను.

నాలుగు గంటలకు ముందే యిల్లు చేరితిమి. ఆమె తన కిటికీయొద్ద ఇత్తడి దీపస్తంభము నుంచెను. ఎనిమిది దీపములకు ఎనిమిది చోట్లు, వెలిగించు దీపమునకు తొమ్మిదవది. పూర్వము దేవాలయమున ఒక్కనాఁటికి సరిపోవు నూనె ఎనిమిదినాళ్లు వెలిగెనని దాని కథ. తొలినాఁడు ఒక్కదీపమే. కార్తికమాసమంతయు తులసికోటయొద్ద దీపము పెట్టుటకు చోటులేక బాధపడిన నాకు ఆ యొక్కదీపము చూడఁగా మనస్సు నిండినది. ఆమె చేయి వడఁకుచుండఁగా మోచేతిక్రింద నా చేయి యుంచితిని. దీపము వెలిగినది.

తరువాత ఆమె నావైపు తిరిగి, రెండు నెలలనుండి యడుగుచున్న ప్రశ్ననే మరల నడిగెను: తేనీరు పుచ్చుకొందువా?

పుచ్చుకొంటిని. గిన్నె అంచున నీలపుఁ బూలు. చక్కెర కొంచెమెక్కువ వేసినది. ఆమె రెండవసారి పోసినపుడు నేను రెండు వ్రేళ్లతో బల్లను తట్టితిని.